పింఛన్‌లో తేడా ఐదు వందలేనా?

2024 ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లోని వృద్ధాప్య పింఛన్‌దారుల ముందు రెండు హామీలున్నాయి. తెలుగుదేశం, జనసేన, బీజేపీ కూటమి నెలకు 4,000 రూపాయలంది. వైఎస్సార్‌సీపీ 3,500 అంది. పైకి కనిపించే తేడా 500. ఐదేళ్లకు 30,000. చాలామంది అక్కడితో లెక్క ఆపేశారు.

వైఎస్సార్‌సీపీ చెప్పిన 3,500 మొదటి నెల నుంచే వచ్చేది కాదు. అప్పటికి ఇస్తున్న 3,000కు 2028 జనవరిలో 250, 2029 జనవరిలో మరో 250 కలుపుతామని ఆ పార్టీ ప్రకటించింది. 2024 జూన్ నుంచి 2029 మే దాకా 60 నెలలు తీసుకుందాం. మొదటి 43 నెలలకు 1,29,000, తర్వాతి ఏడాదికి 39,000, చివరి ఐదు నెలలకు 17,500. మొత్తం 1,85,500. కూటమి మాట ప్రకారం 2,40,000. అవ్వ చేతికొచ్చే డబ్బులో అసలు తేడా 54,500. కూటమి తన పెంపును ఏప్రిల్ నుంచే లెక్కగట్టి, 2024 జూలై 1న బకాయితో కలిపి 7,000 ఇచ్చింది.

అయితే తేదీలు ముందే చెప్పినందుకు వైఎస్సార్‌సీపీని మెచ్చుకోవాలి. 18 నుంచి 59 ఏళ్ల మహిళలకు నెలకు 1,500 ఇస్తామన్న కూటమి, అధికారంలోకి వచ్చిన మొదటి ఏడాదిలో ఆ పథకం మొదలుపెట్టలేదు. తేదీ లేని హామీని ఓటరు నిలదీయడం కష్టం.

బడి పిల్లల డబ్బు దగ్గర తేడా మరో రకం. అమ్మఒడిని 17,000కు పెంచుతామని వైఎస్సార్‌సీపీ, తల్లికి వందనం కింద 15,000 ఇస్తామని టీడీపీ చెప్పాయి. మొదటిది తల్లికి, పిల్లలెందరున్నా ఒక్కటే. రెండోది బడికెళ్లే ప్రతి బిడ్డకూ. అంటే ఒక్క బిడ్డ ఉన్న ఇంటికి వైఎస్సార్‌సీపీ హామీయే మెరుగు. ముగ్గురుంటే 17,000 ఎక్కడ, 45,000 ఎక్కడ! తీరా 2025 జూన్‌లో తల్లుల ఖాతాల్లో పడింది బిడ్డకు 13,000. మిగిలిన 2,000 బడుల నిర్వహణకు పోయింది. అంతకు ముందు ఏడాది అసలు పడలేదు. ఇక రైతుకు వైఎస్సార్‌సీపీ 16,000, కూటమి 20,000 అన్న హామీలు రెండింటిలోనూ కేంద్రం ఇచ్చే 6,000 కలిసే ఉంది.

ఇంతవరకూ రెండు పక్షాలూ నడిచింది ఒకే దారిలో. నగదు బదిలీ వద్దన్నవాళ్లెవరూ లేరు. ఎంత, ఎవరికి, ఎప్పటి నుంచి అన్నదే పోటీ. విధానాలు నిజంగా విడిపోయేది ఇంటి ఖాతాలో కనిపించని చోట్ల. మద్యం దుకాణాలను 2019 అక్టోబరులో వైఎస్సార్‌సీపీ ప్రభుత్వమే తీసుకుంది. కూటమి వచ్చాక 2024 అక్టోబరులో 3,396 దుకాణాలు లాటరీలో ప్రైవేటుకు వెళ్లాయి. రాజధాని అమరావతికి రైతులు సమీకరణలో ఇచ్చిన భూమి దాదాపు 34,000 ఎకరాలు. 2019 డిసెంబరులో వైఎస్సార్‌సీపీ ప్రభుత్వం మూడు రాజధానుల మాట తెచ్చాక అక్కడి పనులు ఏళ్ల తరబడి పడకేశాయి. ఆ ఆగిపోయిన కాలానికి రాష్ట్రం చెల్లించిన ధర ముందు 500 రూపాయల పింఛన్ చర్చ చాలా చిన్నది. ప్రచారంలో మాత్రం దాన్నే పెద్దది చేశారు.

వైద్య కళాశాలల విషయంలో నాకు రెండు పక్షాల మీదా కోపమే. వైఎస్సార్‌సీపీ 17 కొత్త ప్రభుత్వ కళాశాలలు తలపెట్టింది. 2023లో ఐదు మొదలయ్యాయి, ఒక్కోదాంట్లో 150 సీట్లు. కానీ అదే ఏడాది జూలైలో, వాటిలో రాష్ట్ర కోటా సీట్లలో సగమే సాధారణ ఫీజు కింద ఉంచి, 35 శాతాన్ని ఏటా 12 లక్షలకు, 15 శాతాన్ని ఎన్నారై కోటాలో 20 లక్షలకు పెట్టింది. ఆ ఉత్తర్వులను రద్దు చేస్తామని అప్పటి ప్రతిపక్షం టీడీపీ చెప్పింది. అధికారంలోకి వచ్చాక 2025 సెప్టెంబరులో 10 కళాశాలలను ప్రభుత్వ, ప్రైవేటు భాగస్వామ్యంలో నడపాలని మంత్రివర్గం తీర్మానించింది. దాన్ని ప్రైవేటీకరణ అంటూ వైఎస్సార్‌సీపీ కోటి సంతకాల ఉద్యమం చేపట్టింది. కళాశాలను ఎవరు నడపాలన్న తేడా నిజమైనదే, చిన్నదీ కాదు. ఏటా 12 లక్షలు కట్టలేని ఇంటి పిల్లకు మాత్రం సగం సీట్ల తలుపు 2023లోనే మూసుకుపోయింది.