ఆటగాళ్ల తప్పులు - బడి హద్దులు



మన మార్కాపురం, గిద్దలూరు వైపు బళ్లలో కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ ఆడే పిల్లలకు కొదవ లేదు. ఊళ్లో అందరూ వాళ్లను గుర్తుపడతారు. అందుకే వాళ్లు చేసిన తప్పు కూడా తొందరగా తెలిసిపోతుంది. ఆదివారంనాడు తిరునాళ్లలో ఎవరితోనో గొడవపడిన కుర్రవాణ్ణి సోమవారం బడిలో జట్టునుంచి తీసెయ్యవచ్చా? ఇదీ ఈనాటి ప్రశ్న.

తీసెయ్యాలనేవారి మాటలో న్యాయం లేకపోలేదు. చొక్కా మీద బడి పేరు వేసుకుని ఆడేవాణ్ణి చిన్నపిల్లలు చూసి నేర్చుకుంటారు. వద్దనేవారు, గేటు దాటాక బిడ్డకు తల్లిదండ్రులున్నారు, పెద్ద నేరమైతే చట్టముంది, మధ్యలో బడికేం పని అంటారు.

నన్నడిగితే, తప్పు ఎక్కడ జరిగిందన్నదానికంటే ఎవరికి తగిలిందన్నది ముఖ్యం. పోటీలకని ఒంగోలు వెళ్లినప్పుడు బస్సులోనో, బసలోనో అల్లరిచేస్తే అది బడి బాధ్యతే. పిల్లల్ని మనం మాస్టారికి అప్పగించి పంపాం కదా! ఇంట్లో కూర్చుని సెల్‌ఫోనులో తోటి విద్యార్థిని బెదిరించినా, ఏడిపించినా ఆ బాధ మర్నాడు తరగతిలోకి వస్తుంది. దాన్నీ బడి పట్టించుకోవాలి. ఈ రెండూ కానిది మన ఇంటి సంగతి.

అమెరికాలో ఇలాంటి తగవే సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 2017లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో 14 ఏళ్ల అమ్మాయికి బడి పెద్ద చీర్‌లీడర్ల జట్టులో చోటు దొరకలేదు. ఆ కోపంలో శనివారంనాడు, బడి బయట, ఫోనులో బడినీ జట్టునూ బూతుమాటతో తిట్టింది. బడివాళ్లు ఏడాదిపాటు చిన్న జట్టునుంచి కూడా తప్పించారు. 2021లో కోర్టు ఎనిమిది మంది ఒకవైపు, ఒక్కరు మరోవైపుగా ఆ శిక్ష తప్పని తీర్పు చెప్పింది. బడి బయటి మాటల విషయం మామూలుగా తల్లిదండ్రులు చూసుకోవలసినదే అంది. అయితే తీవ్రమైన వేధింపులు, బెదిరింపులు జరిగితే బడి ఊరుకోనక్కర్లేదని కూడా చెప్పింది.

మన దేశంలోనూ హద్దులున్నాయి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షను ప్రకారం పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా వేధించకూడదు. 16వ సెక్షను ప్రకారం ఎనిమిదో తరగతి ముగిసేదాకా బడినుంచి వెళ్లగొట్టకూడదు. అందుచేత పదిమంది ముందు నిలబెట్టి తిట్టడం క్రమశిక్షణ అనిపించుకోదు.

ముందే చెప్పిన నియమం వేరు, తర్వాత పుట్టించిన శిక్ష వేరు. 2016 రియో ఒలింపిక్స్‌లో పి.వి. సింధు రజత పతకం గెలిచింది. దానికి ముందు మూడు నెలలు ఆమె చేతిలో ఫోను లేదనీ, చివరి రోజుల్లో ఐస్‌క్రీము కూడా తిననివ్వలేదనీ గురువు పుల్లెల గోపీచంద్ చెప్పారు. ఆయన పాత ప్రకాశం జిల్లా నాగండ్లలో పుట్టినవారే. ఆమె అప్పటికి 21 ఏళ్ల మనిషి. లక్ష్యం తెలిసి పాటించిన కట్టుబాటు అది. పతకం రాగానే ఆంక్షలూ తీరిపోయాయి.

ఇంకొక్క మాట. మన ఇళ్లల్లో మగపిల్లవాడు కొట్లాడితే "కుర్రతనం" అంటాం. కప్పు రావాలి కాబట్టి జట్టులో ఉంచేస్తారు. అదే ఆడపిల్ల ఎవరితోనో నవ్వుతూ ఫొటో దిగితే ఆట మాన్పిస్తారు. మగపిల్లవాడు మరుసటి ఏడాది మళ్లీ మైదానంలో కనిపిస్తాడు. ఆడపిల్లకు ఒకసారి ఆట ఆగితే చాలాసార్లు చదువూ ఆగుతుంది, పెళ్లి మాటలు మొదలవుతాయి. ఒకే తప్పుకు ఇద్దరికీ ఒకే కొలత ఉండాలని అడగవలసింది మనమే.

కనుక అమ్మలూ, ఏడాది మొదట్లోనే డ్రిల్లు మాస్టారిని కలిసి నియమాలు కాగితం మీద రాసిమ్మనండి. ఏదైనా జరిగితే మూడు ప్రశ్నలు వేయండి. మా బిడ్డ చెప్పేది విన్నారా? ఎవరికి ఏ హాని జరిగింది? శిక్ష ఎన్నాళ్లు? మూడోదానికి జవాబు తప్పకుండా రాబట్టండి. గడువులేని శిక్ష పిల్లల్ని దిద్దదు, దూరం చేస్తుంది.

పలకలకు పేరుపడ్డ ఊరు మనది. అక్షరం తప్పితే తుడిచి దిద్దిస్తాం గానీ పలకను పగలగొట్టం కదా!