కొలువెక్కిన రోబో

దసరా వస్తోందంటే మా ఇంట్లో అటక మీది ట్రంకుపెట్టె కిందికి దిగాల్సిందే. కొండపల్లి బొమ్మలు, మట్టి చెట్టియారు దంపతులు, నిమ్మలకుంట తోలుబొమ్మ హనుమంతుడు... అన్నిటినీ మా అత్తమ్మే తుడిచి మెట్ల మీద సర్దుతుంది. ఏ బొమ్మ ఏ మెట్టెక్కాలో ఆమె చెప్పిందే వేదం. అలాంటి కొలువులో నిరుడు, ఆరో తరగతి చదువుతున్న మా అమ్మాయి రోబోని పెడతానంది!

"దేవుళ్ళ పక్కన మిషనా? ఇంగేమన్నా ఉందా!" అంది అత్తమ్మ. మధ్యలో నలిగింది నేను.

అసలు సంగతేమిటంటే, బెంగళూరులో ఉండే మా ఆడపడుచు తన పిల్లలు ఆడి వదిలేసిన లెగో ఇటుకలు సంచీ నిండా ఇచ్చింది. డెన్మార్క్‌లో పుట్టిన ఈ ప్లాస్టిక్ ఇటుకకు పేటెంటు అడిగింది 1958లో. అప్పటి ఇటుకకు ఇప్పటిదీ చక్కగా అతుక్కుంటుంది. ఎనిమిది బుడిపెల ఇటుకలు ఒకే రంగువి ఆరుంటే చాలు, 91 కోట్లకు పైగా రకాలుగా కలపొచ్చట!

మొదట రజనీకాంత్ 'రోబో' (2010)లోని చిట్టిని చేద్దామనుకుంది మా పిల్ల. మనిషి మొహం నలుచదరపు ఇటుకలకు లొంగలేదు. దాంతో 'వాల్-ఈ' మీద పడింది. 2008లో వచ్చిన ఈ బొమ్మల సినిమాకి ఆస్కార్ కూడా దక్కింది. చెత్తతో నిండిన భూమిని వదిలేసి మనుషులంతా వెళ్ళిపోతే, 700 ఏళ్ళుగా ఆ దుమ్ములో ఒంటరిగా చెత్త ఎత్తే చిన్న యంత్రం కథ. ఒళ్ళంతా ఒక పెట్టె, బైనాక్యులర్ లాంటి కళ్ళు, కింద పొక్లెయినుకున్నట్టు పట్టాల చక్రాలు. ఇటుకలకు సరిగ్గా అమరే రూపం. ఆ సినిమాకి పనిచేసిన యానిమేటర్ యాంగస్ మెక్‌లేన్ రూపొందించిన నమూనాతో 2015లో లెగో వాళ్ళు సెట్టు కూడా తెచ్చారు. అందులో 600 పైచిలుకు ముక్కలుంటాయి. మాకు ఆ సెట్టు లేదు. గళ్ళ కాగితం మీద బొమ్మ గీసుకుని, ఉన్న ఇటుకలతోనే మొదలెట్టింది మా పిల్ల.

పసుపు ఇటుకలు చాలక మధ్యమధ్య ఎరుపు వేసింది. మన ఎర్రమట్టి అంటినట్టే కుదిరింది. కానీ చేత్తో ఎత్తగానే పెట్టె నిలువునా చీలిపోయింది. మళ్ళీ కట్టింది, మళ్ళీ చీలింది. మూడోసారికి ఏడుపు లంకించుకుంది.

బియ్యం ఏరుతూ చూస్తున్న అత్తమ్మ ఉండబట్టలేక, "అతుకు మీద అతుకు పడితే యా గోడైనా నిలుస్తాదా పాపా? కింది రెండిటుకల సందు మీదికి పైదాని నడుము రావల్ల" అంది. పల్లెలో ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీకి ఇటుకలందించిన చెయ్యి మరి!

గోడ నిలిచింది. ఈసారి తల బరువుకి మెడ వాలిపోయింది. తల వెనకవైపు రెండు ఇటుకలు చేర్చి, ఒక్క కీలు బదులు పక్కపక్కన రెండు కీళ్ళు పెట్టాక నిటారుగా చూసింది. చివరగా దాని చేతిలో ఒక పాత బూటు, అందులో రెండు ఆకుపచ్చ ముక్కలు.

"చెప్పులో చెట్టేందే?"

"భూమ్మీద మిగిలిన ఒక్క మొక్క అవ్వా. అది దొరికిందని తెలిస్తేనే మనుషులు తిరిగొస్తారు."

అత్తమ్మ ఇంకేమీ అనలేదు. అటు పడమటి కనుమల చాటు, ఇటు తూర్పు సముద్రం దూరం. మా అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలు. 2002 కరువులో మూడు బోర్లు వేస్తే మూడింటా దుమ్మే లేచింది. శెనక్కాయ చేను బీడు పెట్టి, మామగారితో టౌనుకొచ్చేసిన మనిషి ఆమె. ఆ చేను ఊసు మా దగ్గర ఎప్పుడూ ఎత్తదు. ఆ రాత్రి పడుకోబోతూ మాత్రం, "వానొచ్చేదాకా దాన్ని అట్లే పట్టుకోనుంటాదా, పాపం" అంది.

మర్నాడు తనే తీసుకెళ్ళి కింది మెట్టు మీద, నవధాన్యాల మొలకల పక్కన పెట్టింది. దాని ముందు ఒక ప్రమిదలో నానబెట్టిన శెనక్కాయ గింజలు నాలుగు గుచ్చింది. పేరంటానికొచ్చిన వాళ్ళు "ఇదేం బొమ్మ?" అని అడిగితే నన్ను నోరెత్తనిస్తేగా! "ఇది మన సీమ కతేనమ్మా" అంటూ తనే మొదలెట్టేది.

మీ ఇంట్లోనూ పిల్లలు ఇలాంటివి కడితే అల్మారాలో దాచకండి, నలుగురి కంటా పడనివ్వండి. ఎండ తగిలే కిటికీ దగ్గర పెడితే రంగు మారుతుంది. దుమ్ము పడితే మెత్తటి పెయింటు బ్రష్షుతో దులపండి. కడగాలంటే గోరువెచ్చటి నీళ్ళే వాడండి. వేడినీళ్ళలో వేస్తే ఇటుకలు వంకరపోతాయి.

పండగయ్యాక బొమ్మలన్నీ ట్రంకులో సర్దేటప్పుడు రోబోని మా అమ్మాయి గదిలో పెట్టబోయాను. "అదీ కొలువు బొమ్మే గదా, ఇట్లియ్యి" అంది అత్తమ్మ. తన పాత నూలుచీర ముక్క చింపి దానికి చుట్టింది. ప్రమిదలో మొలిచిన శెనక్కాయ మొక్కల్ని మాత్రం ట్రంకులో పెట్టలేం కదా. వాటిని పెరట్లో కుండీలో నాటి, పొద్దున్నే చెంబుతో నీళ్ళు పోస్తోంది.