వీణ మెట్లు ఎందుకు జరుగుతాయి?

మే నెలలో కర్నూలు, కడపల్లో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మీకు తెలుసు. ఆ రోజుల్లో ఎండ తగిలేచోట ఉంచిన వీణ అపస్వరం పలకవచ్చు. బిరడాలు ఎంత తిప్పినా ఆ దోషం పోదు. ఎందుచేత?

వీణ దండిపై 24 లోహపు మెట్లుంటాయి. గిటారు మెట్లను కర్రలో గాడి కోసి దిగగొడతారు. వీణ మెట్లనైతే తేనెమైనంలో బొగ్గుపొడి కలిపి చేసిన గట్లపై నిలబెడతారు. తేనెమైనం సుమారు 63 డిగ్రీల వద్ద కరుగుతుంది. అంతకు చాలా ముందే మెత్తబడుతుంది. నేరుగా ఎండ పడితే నల్లని మైనం చుట్టూ ఉన్న గాలికంటే ఎక్కువ వేడెక్కుతుంది. అప్పుడు వేలి ఒత్తిడికే మెట్టు జరుగుతుంది.

జరిగితే నష్టమేమిటి? తంత్రి పొడవు తగ్గేకొద్దీ దాని పౌనఃపున్యం పెరుగుతుంది. ఒక మెట్టు నుంచి తర్వాతి మెట్టుకు అది సుమారు 1.0595 రెట్లు కావాలి. 12 మెట్లు దాటితే సరిగ్గా రెట్టింపు! తంత్రి పొడవు 80 సెంటీమీటర్లనుకోండి. లెక్క ప్రకారం గుర్రం నుంచి మొదటి మెట్టు 75.5, పన్నెండోది 40, ఇరవై నాలుగోది 20 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఒక మిల్లీమీటరు జరిగితే మొదటి మెట్టు వద్ద తేడా 0.13 శాతమే, చివరి మెట్టు వద్ద 0.5 శాతం. అందుకే పై స్థాయిలో దోషం బాగా వినిపిస్తుంది. బిరడా తిప్పితే అన్ని స్వరాలూ కలిసి మారుతాయి. మెట్ల మధ్య నిష్పత్తి మారదు.

అయితే మైనంలో ఒక సుగుణం ఉంది. మెట్టును సులువుగా సరిచేయవచ్చు. పనివారు వేడిచేసిన కమ్మీతో మైనాన్ని మెత్తబరచి, తంత్రి మీటి వింటూ, మెట్టును చోటికి జరిపి చల్లారనిస్తారు. తంత్రిని నొక్కినప్పుడు బిగువు కొంచెం పెరుగుతుంది కనుక లెక్క ఒక్కటే చాలదు. చెవే చివరి కొలబద్ద. తీగ రాపిడికి గాడి పడిన మెట్టును ఆకురాయితో సానబట్టి, ఉప్పుకాగితంతో నునుపు చేస్తారు. బాగా అరిగితే కొత్తది పెడతారు. మైనం మండే పదార్థం. పెద్దలు లేకుండా ఈ పని చేయకండి.

కర్ర సంగతీ చూడాలి. బొబ్బిలి వీణను ఒకే పనస దుంగ తొలిచి చేయడం ప్రసిద్ధి. పొడిగాలికి కర్రలో తేమ తగ్గి అది అడ్డంగా కుంచించుకుపోతుంది, పగుళ్లు రావచ్చు. పైపూత తేమ రాకపోకలను నెమ్మదిస్తుంది, పూర్తిగా ఆపలేదు. కనుక వీణకు గుడ్డ కప్పి, ఎండ తగలని చల్లని గదిలో ఉంచండి.

మీరూ ఒక ప్రయోగం చేయండి. పలకపై రెండు మేకుల మధ్య తీగ బిగించండి. సరిగ్గా సగం దగ్గర పెన్సిలు ఆనించి మీటండి. వినిపించేది పై షడ్జమేనా?