నలువదేండ్లు దాటిన రైతునకు కంటి అద్దములు

సంఘ కార్యాలయమున అప్పుపత్రము చేతికిచ్చినపుడు మన సభ్యులలో పలువురు దానిని చేయి చాచినంత దూరమున పట్టుకొని, కనుబొమలు ముడిచి, తుదకు “నువ్వే చదివి చెప్పు బాబూ” అని గుమాస్తాకు తిరిగి యిత్తురు. వారు చదువు రానివారు కారు. వారికి కొరవడినది దగ్గరచూపు. ఎదుటివాని కంటితో చదివి మన చేతితో సంతకము చేయుట సహకారధర్మము కాదు. కావున ఈ నెల ఈ విషయమును గూర్చి వ్రాయుచున్నాము.

చత్వారమనగా నేమి?

కంటిలో స్వచ్ఛమైన కటక మొకటి కలదు. పడుచుతనమున అది మెత్తగా నుండి, దగ్గరి వస్తువును చూచునపుడు ఉబ్బును. వయసు గడచుకొలది బిరుసెక్కి, 40 ఏండ్లు దాటిన పిమ్మట చాలినంత ఉబ్బజాలదు. అందుచేతనే దూరపు తాటిచెట్టుపై కాయలు లెక్కింపగలవాడు సూదిలో దారమెక్కింపలేడు. దీనినే చత్వారమందురు. ఇది తల నెరయుటవంటిదే గాని రోగము కాదు.

అద్దములు పెట్టినచో చూపు మరింత చెడునని కొందరి భయము. ఇది సరికాదు. పెట్టినను పెట్టకున్నను కటకము సుమారు 60, 65 ఏండ్ల వరకు బిరుసెక్కుచునే యుండును. అద్దముల పవరు పెరుగుటకు కారణము వయసే.

అశ్రద్ధవలన నష్టము

పురుగుమందు డబ్బాపై ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ రంగులలో నొకటి విషము యొక్క తీవ్రతను తెలుపును. ఎరుపు మిక్కిలి తీవ్రమైన విషము. రంగు కనబడును గాని, ఎకరమునకెంత, లీటరు నీటికెంత అను సన్నని అక్షరములు కనబడవు. అంచనాగా పోసిన మందు పైరును, మనిషిని, సొమ్మును మూటినీ చెరచును. ఆకు అడుగున దాగిన దోమను కనుగొనుటకు, విత్తనములలో కలుపుగింజ లేరుటకు, గోగునార తరము చూచుటకు, పాసుపుస్తకములోని అంకె సరిచూచుటకు దగ్గరచూపే ఆధారము.

అస్సాము తేయాకు తోటలలో 40 ఏండ్లు దాటిన 751 మంది పనివారితో జరిపిన పరీక్ష ఫలితములు 2018లో ప్రకటింపబడినవి. అద్దములు పొందినవారి ఆకుకోత, పొందనివారితో పోల్చగా, సుమారు 22 శాతము అధికముగా పెరిగెను. బంగ్లాదేశమున 824 మందితో జరిపి 2024లో ప్రకటించిన మరియొక పరీక్షలో, ఎనిమిది నెలలకు అద్దములు పొందినవారి ఆదాయము మూడవవంతు ఎక్కువగా కనబడెను.

ఎన్నుకొను విధము

మొదట పరీక్ష, పిదప కొనుగోలు. సంతలో అమ్ము సిద్ధపు అద్దములలో రెండు కండ్లకును ఒకే పవరుండును. రెండు కండ్ల చూపు సమానముగా నున్నవారికి అవి పనికివచ్చును గాని, శుక్లమును, నీటికాసులను సంతవాడు కనిపెట్టలేడు. నీటికాసులు నొప్పి లేకుండ చూపును హరించును. పోయిన చూపు తిరిగి రాదు. చక్కెరవ్యాధి గలవారు రక్తములోని చక్కెర అదుపులోనికి వచ్చిన పిమ్మట పవరు చూపించుకొనవలెను. లేనిచో నేటి పవరు మరి కొన్ని వారములకు తప్పగును. దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో కంటి పరీక్ష జరుగు దినమును ముందుగా కనుగొని పోవుడు. పెద్ద చికిత్స కావలసినవారికి విశాఖపట్టణమున ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రియు, ఎల్.వి. ప్రసాదు నేత్ర వైద్య సంస్థ శాఖయు కలవు.

పరీక్షించువారికి మీ పని దూరమును తప్పక చెప్పుడు. ఇదియే ముఖ్యము. కాగితము మూరెడు దూరమున చదువుదుము. నారుమడిలోను, మిషను కుట్టుపనిలోను చేయి రెండడుగుల దూరమున నుండును. చదువుటకు సరిపోయిన పవరు రెండడుగుల దూరమునకు ఎక్కువై మసకనిచ్చును. దూరము పెరిగినకొలది పవరు తగ్గవలెను. మీరు ఎక్కువగా చేయు పని ఏదియో దానికి తగినది తీసికొనుడు.

ఒకే అద్దములో పైభాగమున దూరపుచూపు, క్రిందిభాగమున దగ్గరచూపు గల రకము కూడ కలదు. ఊరిలో తిరుగువారికి, దుకాణము నడుపువారికి అది అనుకూలము. కాని నడచునపుడు క్రిందిభాగమునుండి చూచినచో పాదముల చెంత నేల మసకబారును. తడిగట్టు మీదను, నూతిమెట్ల మీదను కాలు జారు ప్రమాదము గలదు. దూరపుచూపు బాగుగా నున్న సేద్యగానికి చదువునపుడు మాత్రమే పెట్టు అద్దములు, మెడలో త్రాడుతో, మేలని మా అభిప్రాయము.

అలవాటు, సంరక్షణ

మొదటి దినములలో కూర్చుండి అరగంట చొప్పున పెట్టుకొని, క్రమముగా కాలమును పెంచవలెను. రెండుభాగముల అద్దమైనచో మెట్లు దిగునపుడు గడ్డము వంచి పైభాగమునుండి చూడవలెను. రెండు వారములకును తలనొప్పి తగ్గకున్నచో ఓర్చుకొనక, అద్దములతోనే పోయి మరల చూపించుకొనుడు. దుమ్ము పడిన అద్దమును కండువాతో పొడిగా తుడిచిన గీతలు పడును. ముందు నీటితో కడిగి పిదప మెత్తని గుడ్డతో ఒత్తవలెను. ఇంటిల్లిపాదియు ఒకే జత వాడుట తగదు. మందు చల్లునపుడు ఇవి రక్షణ కండ్లజోడుకు బదులు కావు.

2019 అక్టోబరు 10న అనంతపురమున ప్రారంభమైన కంటి వెలుగు పథకమున తొలుత బడిపిల్లలకును, తరువాత వృద్ధులకును పరీక్షలు జరిపి అద్దములిచ్చిరి. అప్పటి జతనే నేటికిని వాడువారు పవరును మరల సరిచూపించుకొనుట యుక్తము. ఇంటి ఆడువారిని మరువరాదు. బియ్యములో రాళ్లేరునదియు, మందుబిళ్ల చూచి యిచ్చునదియు వారే.

నారుమళ్లు పోయక పూర్వమే ఈ పని ముగించుకొనుడని సభ్యులను కోరుచున్నాము. వచ్చు ఋణపత్రమును ప్రతి సభ్యుడును తన కంటితో చదివి, తెలియనిది అడిగి, పిమ్మటనే సంతకము చేయవలెను.