దానభూమిలో చిన్న యుద్యానము

ఊరిలో నొక మూల పది చెట్లును, రెండు బల్లలును, నీటికుండియు, చుట్టును కంచెయు గల చిన్న తోట యున్నచో, చూడఁబోయినవారు చెట్లను చూతురు, నీడను కూర్చుందురు, మరలి వత్తురు. ఆ నేల యెవరిదో, అది యందఱిది యెట్లయ్యెనో విచారించువారు తక్కువ. ఇట్టి తోటలు కొన్ని, యెవరో దాత తన నేలను ఊరివారికి విడిచి యిచ్చుటవలనఁ గలిగినవి. అట్టి తోటను దర్శించునపుడు మనము తెలిసికొనవలసిన సంగతులను ఇందు సంగ్రహముగా వివరింతుము.

దానమనఁగా నేమో తెలిసికొనుటకు మనము దూరము పోనక్కఱలేదు. మన శ్రీకూర్మక్షేత్రమే యందుకు గొప్ప పాఠశాల. పడమటిముఖమైన స్వామిని, రెండు ధ్వజస్తంభములను, శ్వేతపుష్కరిణిని చూచి మరలువారు మండపస్తంభములను గూడ కొంచెము నిలిచి చూడవలెను. వానిపై తూర్పుగాంగుల కాలమునాఁటి శాసనములు పెక్కులు చెక్కఁబడియున్నవి. అఖండదీపములకును, నైవేద్యములకును ఎవరెవరు ఏమేమి యిచ్చిరో వానియందు వ్రాయఁబడినది. మధ్వాచార్యుల శిష్యులగు నరహరితీర్థుల శాసనము (1281) వానిలో ప్రసిద్ధమైనది. నాఁటివారు దానమును ఱాతిపై నెందుకు చెక్కించిరి? దాత పోయిన తరువాత, ఆ దానమెఱిఁగిన సాక్షులును పోయిన తరువాత, ఱాయి యైనను సాక్ష్యము పలుకవలెనని కదా! మన దేశపు దానశాసనములలో తఱచుగఁ గానవచ్చు భావ మొకటి కలదు: తాను దానము చేయుటకంటె, ఒరులు చేసిన దానమును కాపాడుట మిన్న. ఈ మాటయే మన వ్యాసమునకు ప్రాణము.

నేఁడు ఱాతికి బదులు దస్తావేజు వచ్చినది. 1882వ సంవత్సరపు ఆస్తి బదిలీ చట్టము ననుసరించి, భూమిని దానమిచ్చువాఁడు పత్రము వ్రాయించి సంతకము చేయవలెను. ఇద్దఱికి తక్కువ కాకుండ సాక్షులు సంతకము చేయవలెను. పత్రమును రిజిస్టరు చేయింపవలెను. పుచ్చుకొనువారు దాత జీవించియుండఁగనే దానిని స్వీకరింపవలెను. నోటిమాటతో నిచ్చిన నేలకు ఈ బలము లేదు. దాత మంచితనము నెఱిఁగిన తరము గడచినంతనే వారసులకును ఊరివారికిని తగవు పుట్టుట కిదియే తఱచు కారణము. కావున తోట ద్వారముకడ దాత పేరుగల పలక కనఁబడినచో, దాని వెనుక సరియైన పత్రము గలదా యని పెద్దలు విచారించుట దాతకు అగౌరవము గాదు. అదియే యాయనకు నిజమైన గౌరవము.

పత్రముతో పని ముగియదు. ఇంగ్లండు దేశమున డెర్బీ పట్టణమందు జోసెఫ్ స్ట్రట్ అను ధనికుఁడు 1840లో పదునొకండెకరముల తోటను పట్టణవాసుల కిచ్చెను. లౌడన్ అను ఉద్యానశాస్త్రజ్ఞుఁడు దానిని తీర్చిదిద్ది, చూచువారు చెట్ల పేర్లు నేర్చుకొనునట్లు ఏర్పాటు చేసెను. కాని తోటమాలికి జీతమును, కంచెకు మరమ్మతును ఎవరు భరింపవలెను? అందుచేత వారమున రెండు దినములు మాత్రమే ఉచితప్రవేశము. తక్కిన దినములయందు రుసుము చెల్లింపవలసివచ్చెను. 1882లో గాని ఆ రుసుము తొలఁగలేదు. దాత నేలను ఒక్కమాఱే యిచ్చును. నీటిని మాత్రము ఊరివారు ప్రతిదినమును పోయవలెను.

అందఱిదైన నేలకు మఱియొక యపాయము కలదు. ఖాళీగాఁ గనఁబడు స్థలమును చూచి, ఇచ్చట భవనము కట్టిన మేలుగదా యను ఆలోచన పుట్టును. బెంగుళూరులో ఒక పేట పటమునందు ఉద్యానమునకై యుంచిన స్థలమును ప్రభుత్వము ఆస్పత్రి కట్టుటకై యొక సంస్థకు ఇప్పించెను. ఆ పేటవారు న్యాయస్థానము నాశ్రయించిరి. ఆస్పత్రి మంచిదే యైనను, ఉద్యానమునకై యుంచిన స్థలమును అట్లు మరలించుట చెల్లదని 1991లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పెను. ఆ నేల దానభూమి కాకపోయినను పాఠ మొక్కటియే: వాడుకలో నున్న తోటను కాపాడుట సులభము, ఎవరును పోని తోట త్వరలో ఎవరిదో యగును. కాఁబట్టి తోటను దర్శించుటయే దానిని కాపాడుటలో మొదటి మెట్టు.

చిన్న తోటవలన నేమి లాభమని కొంద ఱడుగవచ్చును. పెద్ద తోటకు సెలవుదినమున బండి కట్టుకొని పోవలెను. ఇంటి దాపునఁగల చిన్న తోటకు ముసలమ్మ చేతికఱ్ఱతో నడచి పోఁగలదు, పసిబిడ్డ తల్లి వ్రేలు పట్టుకొని పోఁగలదు. మన తీరప్రాంతపు ఎండలో ఒక వేప, ఒక కానుగ యిచ్చు నీడ అల్పమైనది కాదు. కట్టడములులేని మన్ను వాననీటిని లోనికి పీల్చుకొని సమీపపు బావులకు మేలు చేయును.

శ్రీకూర్మాలయ ప్రాంగణమున, భక్తులు తెచ్చి సమర్పించిన నక్షత్రతాబేళ్లు చిరకాలముగాఁ బోషింపఁబడుచు వచ్చినవి. ఈ ప్రాణిని 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము రక్షించుచున్నది. వానిని తెచ్చి యిచ్చుటతో పుణ్యము పూర్తికాదు. తగిన మేత, నీరు, నీడ దినదినమును అమరినపుడే అవి బ్రదుకును. తోటయు నంతే.

బాలబాలికలారా! మీరు తోటకు పోయినపుడు దాత పేరును చదువుఁడు, చెట్ల పేర్లు అడిగి వ్రాసికొనుఁడు, కొమ్మలు విఱువకుఁడు, వేసవిలో ఒక్క పాదుకైన నీరు పోయుఁడు. తలిదండ్రులారా! కంచె యొకచోట కొంచెము లోపలికి జరిగినట్లు కనఁబడిన, నాఁడే పంచాయతికిఁగాని పురపాలక సంఘమునకుఁగాని తెలుపుఁడు. మఱుసటి యేఁటికి అది గోడ కావచ్చును. మనలో నెందఱికో దానమిచ్చుటకు సెంటు నేలయైన లేదు. అయినను ఇతరులిచ్చిన దానిని కాపాడు భాగ్యము మన కందఱికిని గలదు. పెద్దలు దానముకంటె మిన్నయని చెప్పిన పని యదియే.