హస్కీల తోడేలును ఎతుక్కుంటే దొరకదు

మా బావమరిది ఖమ్మంల ఒక హస్కీ పిల్లను కొనుక్కొచ్చిండు. అమ్మినాయన "దీంట్ల సగం తోడేలు రక్తమే" అన్నడట. చండ్రుగొండల పోరగాండ్లంతా ఫోన్లు తీసిండ్రు. "మా ఊరికి తోడేలొచ్చింది" అని స్టేటస్‌లు పెట్టిండ్రు.

దాని కండ్లు చూస్తెనే అబద్ధం దొరుకుతది. హస్కీకి నీలి కండ్లు ఉంటయి, తోడేలుకు ఉండయి. పెద్ద తోడేలు కండ్లు పసుపుపచ్చగ ఉంటయి. పైగా మన దేశపు తోడేలు మన ఎండకు తగ్గట్టు పల్చటి బొచ్చుతోటి, సన్నగ ఉంటది. హస్కీది సైబీరియా చలికి పుట్టిన రెండు పొరల బొచ్చు.

అయినా అసలు తేడా రూపంల లేదు. కనీసం 15 వేల ఏండ్ల కింద, ఇప్పుడు కనపడని ఒక పాత తోడేలు వంశం నుంచి కుక్క వేరుపడ్డది. అంటే ఇయ్యాల్టి తోడేలు కుక్కకు తాత కాదు, దాయాది.

ఆ తేడా ఏందో హంగరీ శాస్త్రవేత్తలు 2003ల చూపెట్టిండ్రు. పసిగుడ్డుగ ఉన్నప్పటి నుంచి మనుషులే సాకిన తోడేళ్లను, కుక్కలను తీసుకున్నరు. డబ్బాల మాంసం పెట్టి, మూత తెరిచే ఉపాయం నేర్పిండ్రు. తర్వాత మూత రాకుండ బిగించిండ్రు. కుక్కలు కొంచెం సేపు గుంజి, ఎనక్కి తిరిగి మనిషి మొహం చూసినయి. తోడేళ్లు మటుకు డబ్బానే పట్టుకుని పెనుగులాడినయి. సీసాపాలు తాపి పెంచినా అంతే.

ఆ చూపు మీదనే మంచుబండి నడుస్తది. మన ఎడ్లబండికి పగ్గాలుంటయి, కుక్కలు లాగే బండికి ఉండయి. నోటిమాట ఇని ముందలి కుక్క మలుగుతది, మిగిలినయి దాని ఎంబడి పోతయి. 1925ల అలాస్కాల నోమ్ పట్టణానికి కంఠసర్పి మందు గట్లనే చేరింది. 20 మంది చేతులు మార్చుకుంటా, 150 దాకా కుక్కలు, వెయ్యి కిలోమీటర్ల పైన మంచుదారిని ఐదున్నర రోజులల్ల దాటినయి. తోడేలుకు బలం తక్కువై కాదు. ఎవడో చెప్తే ఎందుకు లాగాల్నో దానికి అర్థం కాదు, అంతే.

ఇదంతా ఎందుకు చెప్తున్ననంటే, వీడియోలు చూసి ఒక తమ్ముడు "అడవిల రేసుకుక్క పిల్లలు దొరికితే తెచ్చి సాకుదాం అన్నా" అన్నడు. మనం కుక్క అంటం గని రేసుకుక్క అసలు కుక్కే కాదు. తోడేలు కన్న గూడ దూరపు చుట్టం. కుక్క నోట్ల 42 పండ్లుంటే దానికి 40. ఈల ఏసినట్టు పిలుసుకుంటయి. కుక్కతోటి కలిసి పిల్లలు పుట్టయి. 1972 వన్యప్రాణుల చట్టం ఉంది, పిల్లను ఎత్తుకొస్తే కేసు. కేసు సంగతి పక్కన పెట్టినా, పెద్దయినంక అది నీ మొహం దిక్కు చూస్తదని ఆశ పెట్టుకోకు తమ్మీ.

బావమరిది హస్కీ మే నెలంతా బాత్రూం గచ్చు మీదనే పండింది. నేను పోయినప్పుడు తల లేపి నా మొహం చూసింది. తర్వాత నీళ్ల బకెట్ దిక్కు చూసి, మళ్ల నా దిక్కు చూసింది.