ఆకాశంలో అరగంట

మైలాపూరు పిల్లలకు మీనంబాక్కం విమానాలు కొత్త కాదు. వాటిలో ఇంధనం ఎంత నింపుతారో తెలుసా? ప్రతిసారీ ట్యాంకుల నిండా నింపరు. బరువు పెరిగితే దానిని మోయడానికే మరింత ఇంధనం కావాలి. గమ్యం చేరడానికి, దారిలో అనుకోని ఖర్చుకు, అక్కడ దిగలేకపోతే మరో విమానాశ్రయానికి పోవడానికి ఎంత కావాలో లెక్కకడతారు. ఇవన్నీ పోను, జెట్ విమానం మరో 30 నిమిషాలు గాలిలో తిరగడానికి చాలినంత మిగలాలి. ఇది రైతు ఇంట విత్తనపు గింజల వంటిది.

ఇక ఏమాత్రం ఆలస్యమైనా ఈ నిల్వ తరుగుతుందనిపిస్తే పైలట్ 'మినిమం ఫ్యూయల్' అని తెలుపుతారు. ఇది హెచ్చరిక మాత్రమే. నిల్వ తరగక ముందే దిగలేమని తేలితే 'మేడే, మేడే, మేడే, ఫ్యూయల్' అనాలి. మే 1వ తేదీతో దీనికి సంబంధం లేదు. 'నాకు సాయం చేయండి' అనే ఫ్రెంచి మాటకు ఇది రూపాంతరం. అప్పుడు ఆ విమానానికే ముందుగా దారి ఇస్తారు.

1990 జనవరి 25న న్యూయార్కు దగ్గర ఏవియాంకా విమానం గంటకు పైగా గాలిలో తిరిగింది. ఇంధనం అయిపోతున్నదన్నారు గాని, 'ఎమర్జెన్సీ' అనలేదు. విమానం కూలి 73 మంది మరణించారు.

2025 జూన్ 19న గువాహటి నుండి చెన్నైకి వచ్చిన ఇండిగో విమానం ఇక్కడ దిగలేక బెంగుళూరుకు మళ్ళింది. పైలట్ 'మేడే' అన్నారు. విమానం క్షేమంగా దిగింది.